విదేశీ విద్యానిధికి దరఖాస్తు చేస్తున్నారా? జీఆర్‌ఈ లెక్కలకు ఇలా సిద్ధం కండి

(విదేశీ విద్యా పథకాలపై డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు జరిగిన అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం. హాజరు కాలేకపోయిన వారి కోసం పీడీఎఫ్ రూపంలో పంపుతున్నాం.)

 

విదేశీ విద్యా పథకం గురించి మా ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు రెండు రకాలుగా ఉంటారు. మొదటి రకం వాళ్లు "సార్, ఆదాయ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి, సైట్ ఎప్పుడు తెరుస్తారు" అని అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పడం సులువు. రెండో రకం వాళ్లు కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు: "సార్, జీఆర్‌ఈలో లెక్కలు ఉంటాయంట కదా. నేను తెలుగు మీడియం. నాతో అవుతుందా?"

ఈ రోజు నేను మాట్లాడేది ఈ రెండో ప్రశ్న గురించే. ఎందుకంటే సర్టిఫికెట్ లేక ఆగినవాళ్లకు మేం దారి చూపించగలం. భయంతో అసలు దరఖాస్తే పెట్టనివాళ్లు మాకు కనిపించరు.

పథకం సంగతి క్లుప్తంగా

ముందు పథకం గురించి నాలుగు మాటలు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. విదేశాల్లో పీజీ చదవడానికి రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. కుటుంబ వార్షికాదాయం రూ.5 లక్షల లోపు ఉండాలి. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో చేసుకోవాలి.

ఒక విషయం తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ డబ్బు ముందుగా చేతికి రాదు. పిల్లలు అక్కడికి చేరి, ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపించాక మొదటి విడత, మొదటి సెమిస్టర్ ఫలితం వచ్చాక రెండో విడత వస్తుంది. అందుకే "పథకం వచ్చేసినట్టే" అని ఎవరైనా మధ్యవర్తి చెప్తే నమ్మి పొలం తాకట్టు పెట్టకండి.

అర్హత ఉన్నవాళ్లందరికీ సీటు రాదు. ఎంపిక ఉంటుంది. అందులో డిగ్రీ మార్కులతో పాటు జీఆర్‌ఈ లేదా జీమ్యాట్ స్కోరుకు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరుకు విలువ ఉంటుంది. డిగ్రీ మార్కులు ఇప్పటికే వచ్చేశాయి, వాటిని మార్చలేం. ఇంకా మన చేతిలో ఉన్నది ఈ పరీక్షల స్కోర్లే. జీఆర్‌ఈలో మూడు నెలల్లో బాగా పెంచుకోగలిగే భాగం లెక్కలు. ఇంగ్లిష్ పదసంపద ఏళ్ల తరబడి చదివితే గానీ పెరగదు. లెక్కలకు హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఏముందో తెలిస్తే సగం భయం పోతుంది.

పరీక్ష ఎలా ఉంటుంది?

జీఆర్‌ఈని 2023 సెప్టెంబర్ నుంచి కుదించారు. ఇప్పుడు మొత్తం పరీక్ష 2 గంటల కన్నా రెండు నిమిషాలు తక్కువ. అందులో లెక్కల భాగాన్ని క్వాంటిటేటివ్ రీజనింగ్ అంటారు. అది రెండు సెక్షన్లు. మొదటి దాంట్లో 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. రెండో దాంట్లో 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. మొత్తం 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు సుమారు 1 నిమిషం 45 సెకన్లు.

స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది. ఇంగ్లిష్ వెర్బల్ భాగానికీ అంతే. అందుకే రెండూ కలిపి 260 నుంచి 340 అంటారు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టాల్సిందే.

మొదటి సెక్షన్‌లో మీరు ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండో సెక్షన్ కఠినత మారుతుంది. మొదటిది బాగా చేస్తే రెండోది కష్టంగా వస్తుంది. అది మంచి సంకేతం. రెండో సెక్షన్ కష్టంగా ఉందని చేతులెత్తేయకండి. ఒకే సెక్షన్ లోపల మాత్రం ముందుకూ వెనక్కీ వెళ్లొచ్చు. కష్టమైన ప్రశ్నకు గుర్తు పెట్టుకుని, మిగతావి అయ్యాక తిరిగి రావొచ్చు.

ఇక సిలబస్. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, దత్తాంశాల విశ్లేషణ. ఈ నాలుగే. త్రికోణమితి లేదు, కాలిక్యులస్ లేదు. సైన్ తీటా, కాస్ తీటా, ఇంటిగ్రేషన్ ఏమీ అక్కర్లేదు. ప్రస్తారాలు, సంయోగాలు, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ లాంటి కొద్ది అంశాలు తప్ప మిగతాదంతా మీరు పదో తరగతి లోపు చదివిందే.

మరి పదో తరగతి లెక్కలే అయితే బీటెక్ చదివినవాళ్లు కూడా ఎందుకు తప్పులు చేస్తారు? అసలు విషయం ఇక్కడుంది. ఇది లెక్క చేయగలరా లేదా అని చూసే పరీక్ష కాదు. లెక్కను సరిగ్గా చదివారా, అవసరం లేని లెక్క చేయకుండా ఆగారా అని చూసే పరీక్ష. తెలుగు మీడియం విద్యార్థికి మొదటిది కష్టం, ఇంజినీరింగ్ విద్యార్థికి రెండోది కష్టం. రెండింటికీ మందు ఉంది.

మొదటి పని: పదాల నోటుపుస్తకం

లెక్కల కోసం మొదటి వారం లెక్కలు చేయకండి. వంద పేజీల నోటుపుస్తకం కొనుక్కుని, ఎడమ వైపు ఇంగ్లిష్ పదం, కుడి వైపు మీ పదో తరగతి తెలుగు పదం రాసుకోండి. ఇంటీజర్ అంటే పూర్ణసంఖ్య. ప్రైమ్ అంటే ప్రధాన సంఖ్య. ఫ్యాక్టర్ అంటే కారణాంకం, మల్టిపుల్ అంటే గుణిజం. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది. 12కు 3 ఫ్యాక్టర్, 36 మల్టిపుల్. ప్రొడక్ట్ అంటే లబ్ధం, కోషెంట్ అంటే భాగఫలం, రిమైండర్ అంటే శేషం. మీన్ అంటే సగటు, మీడియన్ అంటే మధ్యగతం, మోడ్ అంటే బాహుళకం, రేంజ్ అంటే వ్యాప్తి. పెరిమీటర్ చుట్టుకొలత, ఏరియా వైశాల్యం, హైపోటెన్యూస్ కర్ణం, స్లోప్ వాలు. ఇలా వంద, నూట ఇరవై పదాలు చాలు. అన్నీ మీకు తెలిసినవే, వేరే పేరుతో తెలిసినవి.

ఆ తర్వాత చిన్న చిన్న మాటలు. మార్కులు ఎక్కువగా పోయేది వీటి దగ్గరే. "ఎట్ లీస్ట్ 3" అంటే 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. "ఎట్ మోస్ట్ 3" అంటే 3 మించకూడదు. "పాజిటివ్" అంటే సున్నా కన్నా పెద్దది. "నాన్ నెగటివ్" అంటే సున్నా కూడా రావొచ్చు. "డిస్టింక్ట్" అంటే ఒకదానికొకటి వేరు. "కాన్సెక్యూటివ్" అంటే వరుసగా వచ్చేవి. "మూడు వరుస సరి సంఖ్యల మొత్తం 48" అంటే ఎక్స్ పెట్టి సమీకరణం రాయాల్సిన పనే లేదు. 48ని 3తో భాగిస్తే 16. అదే మధ్య సంఖ్య. 14, 16, 18.

తెలుగు మీడియం వాళ్లకు ఒక లాభం కూడా ఉంది. "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అని ఇంగ్లిష్‌లో ఉంటే చాలామంది 5 ముందు కనిపించింది కదా అని 5 మైనస్ ఎక్స్ అని రాస్తారు. అది తప్పు. అదే వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి: "ఎక్స్ కన్నా 5 తక్కువ". ఎక్స్ ముందు వచ్చింది, 5 తర్వాత వచ్చింది. ఎక్స్ మైనస్ 5. తెలుగు వాక్యం ఏ వరుసలో ఉందో లెక్క కూడా అదే వరుసలో పడింది.

అలాగే "బిలో 150 శాతం" వేరు, "బి కన్నా 150 శాతం ఎక్కువ" వేరు. బి 100 అనుకుంటే మొదటిది 150, రెండోది 250. ఇంగ్లిష్‌లో ఒక్క "గ్రేటర్" అనే మాటే తేడా. ప్రశ్న చదివి, ఒక్కసారి తెలుగులో చెప్పుకుని, అప్పుడు పెన్ను పెట్టండి. అయిదు సెకన్లు పోతాయి, మార్కు మిగులుతుంది.

ఇంకోటి. గ్రాఫుల్లో అంకెలు మిలియన్లు, బిలియన్లలో ఉంటాయి. మనకు లక్షలు, కోట్లు అలవాటు. 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్. ఇది నోటుపుస్తకం అట్ట మీదే రాసుకోండి.

రెండో పని: నాలుగు రకాల ప్రశ్నలు గుర్తుపట్టడం

ఒకటి, మనకు అలవాటైన ఒకే జవాబు ప్రశ్న. ఆప్షన్ల పక్కన గుండ్రటి గుర్తులు ఉంటాయి.

రెండు, ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ జవాబులు ఉండే ప్రశ్న. పక్కన చతురస్రాకారపు గడులు ఉంటాయి. ఇందులో సరైనవన్నీ గుర్తించాలి, తప్పుది ఒక్కటీ గుర్తించకూడదు. మూడింటిలో రెండు పెడితే సగం మార్కు రాదు. గుండ్రమా, గడా అన్నది ముందు చూసుకోండి.

మూడు, జవాబు మనమే టైప్ చేసేది. ఆప్షన్లు ఉండవు. భిన్నం అడిగితే దాన్ని కుదించాల్సిన అవసరం లేదు. 6 బై 8 అని రాసినా 3 బై 4 అని రాసినా ఒకటే.

నాలుగోది మన దగ్గర ఎక్కడా కనిపించని రకం. క్వాంటిటేటివ్ కంపారిజన్. రెండు రాశులు ఇస్తారు, ఏ అని, బి అని. ఏది పెద్దది అని అడుగుతారు. జవాబులు ఎప్పుడూ నాలుగే, ఎప్పుడూ అదే వరుసలో ఉంటాయి: ఏ పెద్దది, బి పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం. ఈ నాలుగూ ఇప్పుడే కంఠస్థం చేసేస్తే పరీక్షలో చదవక్కర్లేదు.

ఉదాహరణ. ఏ: 63లో 47 శాతం. బి: 47లో 63 శాతం. కాలిక్యులేటర్ తెరిచారంటే అర నిమిషం పోయినట్టే. రెండూ 47, 63ల లబ్ధాన్ని వందతో భాగించడమే కదా. సమానం.

ఇంకోటి. ఒక చీర ధరను 20 శాతం పెంచి, తర్వాత పండగ ఆఫర్ అని 20 శాతం తగ్గించారు. ఏ: మొదటి ధర. బి: చివరి ధర. ధర ఇవ్వలేదు కదా, చెప్పలేం అనుకుంటారు. వంద అనుకోండి. 120 అయింది, అందులో 20 శాతం అంటే 24 తగ్గితే 96. ధర ఎంతైనా ఏ పెద్దది.

ఇప్పుడు ఇది చూడండి. ఎక్స్ స్క్వేర్ 49. ఏ: ఎక్స్. బి: 7. నూటికి ఎనభై మంది సమానం అనేస్తారని అనుకోవచ్చు, అంత సహజంగా ఉంటుంది ఆ పొరపాటు. కానీ ఎక్స్ మైనస్ 7 కూడా కావొచ్చు. అప్పుడు బి పెద్దది. ఒకసారి సమానం, ఒకసారి బి పెద్దది అయితే జవాబు "చెప్పలేం".

దీనికి ఒక అలవాటు చేసుకోండి. అక్షరం కనపడితే చాలు, అయిదు రకాల సంఖ్యలు పెట్టి చూడాలి: సున్నా, ఒకటి, ఒకటి కన్నా పెద్దది, రుణ సంఖ్య, సున్నాకు ఒకటికి మధ్య ఉండే భిన్నం. ప్రశ్నలో పాజిటివ్ అనో, ఇంటీజర్ అనో షరతు పెడితే దానికి సరిపడనివి వదిలేయండి. రెండు సంఖ్యలకు రెండు వేర్వేరు ఫలితాలు వస్తే పని అయిపోయింది.

బొమ్మల విషయంలో కూడా జాగ్రత్త. రేఖాగణితం బొమ్మలు కొలతకు తగినట్టు ఉండాలని లేదు. లంబకోణంలా కనిపించినంత మాత్రాన అది 90 డిగ్రీలు కాదు. చెప్తేనే 90. గ్రాఫులు మాత్రం కొలత ప్రకారమే ఉంటాయి.

మూడో పని: ఇంట్లో ఉన్న లెక్కలతో మొదలుపెట్టండి

శాతాలు, వడ్డీ, సగటు, పని - కాలం, వేగం. ఈ అయిదూ మన ఇళ్లలో రోజూ నడిచేవే.

ఊళ్లో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటాం. అది నెలకు. అంటే ఏడాదికి 24 శాతం. పరీక్షలో వడ్డీ ఏడాదికి చెప్తారు. రూ.10,000కు 10 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ 2,000, చక్రవడ్డీ 2,100. ఆ వంద ఎక్కడిది? మొదటి ఏడాది వడ్డీ వెయ్యి మీద పడిన వడ్డీ. సూత్రం బట్టీ పట్టేముందు ఈ వంద ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోండి.

ఒక మేస్త్రీ గోడను 6 రోజుల్లో, ఇంకో మేస్త్రీ 12 రోజుల్లో కడతారు. ఇద్దరూ కలిస్తే? సగటు తీసి 9 అనేవాళ్లు ఉంటారు. ఒక్కడే ఆరు రోజుల్లో కట్టేదాన్ని ఇద్దరు కలిసి తొమ్మిది రోజులు కడతారా? రోజుకు ఆరో వంతు, పన్నెండో వంతు కలిపితే నాలుగో వంతు. 4 రోజులు. జవాబు వచ్చాక "ఇది లోకంలో జరుగుతుందా" అని ఒక్క క్షణం అడుక్కోవడం పెద్ద ఆయుధం.

వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 40. సగటు వేగం 50 కాదు. దూరం 120 అనుకుంటే రెండు గంటలు, మూడు గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు. 48. నెమ్మదిగా నడిచిన వైపే ఎక్కువ సేపు పట్టింది కాబట్టి సగటు అటే ఒరిగింది.

అయిదుగురి రోజు కూలి 400, 400, 450, 500, 1,500 అనుకోండి. సగటు 650, మధ్యగతం 450. ఆ అయిదుగురిలో నలుగురికి 650 రానే రాదు. నేను చదివింది జర్నలిజం. అంకెల వార్త చూసినప్పుడల్లా మేం మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, సగటు చెప్తున్నారా, మధ్యగతం చెప్తున్నారా అని. జీఆర్‌ఈ డేటా ప్రశ్నలకూ అదే బుద్ధి కావాలి. 40 నుంచి 50కి పెరిగితే పెరుగుదల 25 శాతం. 50 నుంచి 40కి తగ్గితే తగ్గుదల 20 శాతం. అదే పది, కానీ దేని మీద లెక్కగడుతున్నాం అన్నది మారింది. రోజూ పేపర్లో వచ్చే ఒక గ్రాఫు ముందేసుకుని, దాని మీద మీరే రెండు ప్రశ్నలు తయారు చేసుకోండి.

రేఖాగణితంలో త్రిభుజాలు, వృత్తాలు, చతుర్భుజాలు, నిరూపక జ్యామితి చాలు. ఇల్లు కట్టేటప్పుడు ముగ్గు పోసి, మేస్త్రీ 3, 4, 5 అడుగులు కొలిచి మూల చూస్తాడు. అదే పైథాగరస్ సిద్ధాంతం. 3-4-5, 5-12-13 నోటికి రావాలి. ఇవి రెట్టింపైనా, మూడింతలైనా అదే ఆకారం.

సంభావ్యతలో "ఎట్ లీస్ట్ వన్" కనపడితే తిప్పి ఆలోచించండి. మూడు నాణేలు ఎగరేస్తే ఒక్కటైనా బొమ్మ పడే అవకాశం ఎంత? అన్నీ బొరుసు పడే అవకాశం 8లో 1. మిగిలింది 8లో 7. అయిపోయింది.

క్రమవిచలనం అనగానే పెద్ద సూత్రం గుర్తొచ్చి భయపడతారు. పరీక్షలో ఎక్కువగా కావాల్సింది భావం. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్నదే అది. 10, 10, 10కి అది సున్నా. 5, 10, 15కి ఎక్కువ. అందరికీ 5 మార్కులు కలిపితే సగటు పెరుగుతుంది, చెదురు మారదు.

పన్నెండు వారాల ప్రణాళిక

రోజుకు గంటన్నర లెక్కలకు చాలు. ఇంటి పని, పార్ట్‌టైం పని ఉన్నవాళ్లు ఉదయం 45 నిమిషాలు, రాత్రి 45 నిమిషాలుగా విడదీసుకోండి. వెర్బల్‌కు, ఇంగ్లిష్ పరీక్షకు వేరే సమయం ఉంచుకోవాలి.

1, 2 వారాలు: పదాల నోటుపుస్తకం, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు. 20 వరకు వర్గాలు నోటికి.
3, 4 వారాలు: ప్రధాన సంఖ్యలు, కారణాంకాలు, శేషాలు, ఘాతాంకాలు, వర్గమూలాలు. నాలుగో వారం చివర మొదటి ఉచిత మాక్ టెస్ట్.
5, 6 వారాలు: సమీకరణాలు, అసమీకరణాలు, వాక్య రూప సమస్యలు.
7వ వారం: రేఖాగణితం, నిరూపక జ్యామితి.
8, 9 వారాలు: సగటు, మధ్యగతం, క్రమవిచలనం, లెక్కింపు పద్ధతులు, సంభావ్యత, గ్రాఫులు.
10వ వారం: గడియారం పెట్టుకుని 21 నిమిషాల్లో 12, 26 నిమిషాల్లో 15 ప్రశ్నలు. రోజుకో సెట్.
11వ వారం: రెండో ఉచిత మాక్ టెస్ట్. పూర్తి పరీక్ష, మధ్యలో లేవకుండా.
12వ వారం: కొత్తవి వద్దు. తప్పుల పుస్తకం మాత్రమే.

ఆ తప్పుల పుస్తకంలో మూడు గడులు గీసుకోండి. తెలియక పోయినవి, సరిగ్గా చదవక పోయినవి, తొందరలో పోయినవి. మాక్ టెస్ట్ అయ్యాక ప్రతి తప్పునూ ఒక గడిలో వేయండి. తెలియక పోయినవి ఎక్కువైతే పాఠం చదవాలి. చదవక పోయినవి ఎక్కువైతే పదాల పుస్తకానికి వెళ్లాలి. తొందరలో పోయినవి ఎక్కువైతే ఇంకో వంద లెక్కలు చేసినా లాభం లేదు, కష్టమైన రెండు ప్రశ్నలు వదిలేసి మిగతావి నిదానంగా చేయడం నేర్చుకోవాలి.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ వెబ్‌సైట్‌లోనే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి మాక్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. మ్యాథ్ రివ్యూ అనే పుస్తకం కూడా ఉచితమే. సిలబస్ మొత్తం అందులో ఉంది. ఖాన్ అకాడమీ వీడియోలు ఉచితం. పాఠాలు ఫోన్‌లో చూడొచ్చు గానీ, మాక్ టెస్ట్ మాత్రం కంప్యూటర్ మీదే రాయండి. స్క్రీన్ మీద చదివి, కాగితం మీద చేసి, మౌస్‌తో జవాబు పెట్టడం వేరే అలవాటు. స్క్రీన్ మీద ఒక చిన్న కాలిక్యులేటర్ ఇస్తారు. అది పెద్ద గుణకారాలకే. 15ను 6తో గుణించడానికి దాన్ని తెరిస్తే సమయం దండగ.

సదస్సులో అడిగిన ప్రశ్నలు

బీఏ చదివాను, ఇంటర్‌లో మ్యాథ్స్ లేదు. వీలవుతుందా?
అవుతుంది. మీరు పన్నెండు వారాలకు బదులు పదహారు వారాలు పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలు. త్రికోణమితి అధ్యాయాలు వదిలేయండి.

కోచింగ్ తప్పనిసరా?
తప్పనిసరి కాదు. క్రమశిక్షణ కోసం వెళ్తే వెళ్లొచ్చు. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. ముందు ఉచిత మాక్ టెస్ట్ రాసి, తప్పుల పుస్తకం చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. "స్కోరు మేం తెప్పిస్తాం, మీ బదులు రాయిస్తాం" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. దొరికితే స్కోరు రద్దవుతుంది, ఫీజు పోతుంది, చదువు పోతుంది.

ఇంటి నుంచి రాయొచ్చా?
రాయొచ్చు. కానీ ఎవరూ రాని గది, సొంత కంప్యూటర్, ఆగని నెట్, ఆగని కరెంట్ ఉండాలి. అవి లేకపోతే పరీక్ష కేంద్రానికే వెళ్లండి.

స్కోరు తక్కువ వస్తే?
21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. 12 నెలల్లో అయిదుసార్ల వరకు అవకాశం ఉంది. ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. కానీ ప్రతిసారీ ఫీజు కట్టాలి. అందుకే మాక్ టెస్ట్‌లో మీరు కోరుకున్న స్కోరు దగ్గరికి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో రాసినా నష్టం లేదు.

నేను దరఖాస్తు చేసే యూనివర్సిటీ జీఆర్‌ఈ అడగట్లేదు. ఎందుకు రాయాలి?
యూనివర్సిటీ అడగడం వేరు, పథకం ఎంపికలో విలువ ఉండటం వేరు. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీ శాఖ ఏం అడిగిందో చదివి నిర్ణయించుకోండి. అధికారిక స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి దరఖాస్తు గడువుకు కనీసం నెల ముందే పరీక్ష అయిపోయేలా చూసుకోండి.

ఈ వారంలో చేయాల్సిన మూడు పనులు

ఒకటి, పాస్‌పోర్ట్ లేకపోతే దరఖాస్తు పెట్టండి. జీఆర్‌ఈ రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఉండాలి. రెండు, నోటుపుస్తకం కొని మొదటి ఇరవై పదాలు రాయండి. మూడు, కలెక్టరేట్‌లో మీకు సంబంధించిన సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి ఈ ఏడాది నోటిఫికేషన్ వివరాలు, కావాల్సిన కాగితాల జాబితా తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ శాఖలు వేర్వేరు. గడువు తేదీలు కూడా వేరుగా ఉండొచ్చు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ గంటన్నర సేపు పిల్లను "ఆ గిన్నెలు తోముకురా" అని, పిల్లాణ్ని "పొలం దాకా వెళ్లిరా" అని లేపకండి. మీ వంతు సాయం అదే.

లెక్కలు రావని ఎప్పుడో ఎనిమిదో తరగతిలో ఎవరో అన్న మాట పట్టుకుని ఇన్నేళ్లు మోస్తున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. 27 ప్రశ్నల్లో ఎక్కువ భాగం మీ ఇంట్లో, మీ బజార్లో రోజూ నడిచే లెక్కలే. వాటి ఇంగ్లిష్ పేర్లు నేర్చుకోండి, గడియారం పెట్టుకుని చేయండి. పరీక్ష రాసి వచ్చాక ఫలితం ఏదైనా మాకు ఫోన్ చేసి చెప్పండి.

ఈ పీడీఎఫ్‌ను మీ కాలేజీ గ్రూపుల్లో, గ్రామ గ్రూపుల్లో పంచండి. సెలవు.